డూమ్ ఎటర్నల్ కొత్తగా ఆడేవాళ్ళకి: బుల్లెట్లు అయిపోకుండా, ఊరికే చావకుండా ఆడటం ఎలా

సేల్‌లో డూమ్ ఎటర్నల్ కొనుక్కున్నవాళ్ళు వారం తిరక్కుండా అడిగేది ఒకటే, "అన్నా రెండు నిమిషాల్లో బుల్లెట్లన్నీ అయిపోతున్నాయి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలీట్లేదు". గేమ్ కష్టమైనదే, అందులో డౌట్ లేదు. కానీ మామూలు షూటింగ్ గేమ్ లాగా ఆడటం వల్ల చాలామందికి అది ఉన్నదానికంటే రెట్టింపు కష్టంగా అనిపిస్తుంది.

బీజీఎంఐ, కాల్ ఆఫ్ డ్యూటీ ఆడి వచ్చినవాళ్ళకి గోడ చాటుకి పోవడం, కాసేపు ఆగడం, మళ్ళీ తొంగిచూసి కాల్చడం చేతికి అలవాటైపోయి ఉంటుంది. ఇక్కడ దాక్కుంటే హెల్త్ దానంతటది పెరగదు, బుల్లెట్లూ రావు. హెల్త్, ఆర్మర్ (దెబ్బల్ని ఆపే కవచం), బుల్లెట్లు మూడూ మీ మీదకి వస్తున్న రాక్షసుల దగ్గరే ఉన్నాయి, మీరే వాళ్ళ మీదకి వెళ్ళి లాక్కోవాలి. ఈ ఒక్క ముక్క ఎక్కితే సగం పని అయిపోయినట్టే, కింద చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఇది సింగిల్ ప్లేయర్ కాంపెయిన్ గురించి. పీసీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా కానీ కంట్రోలర్‌తో ఆడేవాళ్ళకి కూడా ఫైట్ పద్ధతి ఇదే. రక్తం, నరకడం విపరీతంగా ఉంటాయి, ఇంట్లో చిన్నపిల్లలు పక్కన కూర్చుని చూసే గేమ్ మాత్రం కాదు.

1. మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్

మినిమమ్ అంటే 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ లేదా 1650 లాంటి 4 జీబీ కార్డు. మన దగ్గర ఇంజనీరింగ్ స్టూడెంట్స్ చేతుల్లో ఎక్కువగా కనిపించే 1650 లాప్‌టాప్‌లో బాగానే నడుస్తుంది. అందరూ తప్పు చేసేది టెక్స్చర్ పూల్ సైజ్ (బొమ్మల కోసం కార్డు మెమరీలో ఎంత పక్కన పెట్టాలో చెప్పే సెట్టింగ్) దగ్గర. దాన్ని పెంచేకొద్దీ కార్డులో మెమరీ నిండిపోతుంది, వీడియో సెట్టింగ్స్‌లోనే ఎంత వాడుతున్నదీ చూపిస్తుంది, అది చూసుకుంటూ తగ్గించుకోండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా పర్లేదు, ఫ్రేమ్స్ మాత్రం పడకూడదు. ఈ గేమ్‌లో అర సెకను ఆగిపోయిందంటే ఆ అర సెకనులో చచ్చిపోతారు.

చెక్‌లిస్ట్:
- మోషన్ బ్లర్ ఆఫ్ లేదా బాగా తక్కువ.
- ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే స్క్రీన్ మీద ఎంత వెడల్పు కనిపిస్తుందో అది, 90 దగ్గర ఉంటుంది, 100 నుంచి 110 మధ్యలో పెట్టి చూడండి. పక్కల నుంచి వచ్చేవాళ్ళు ముందే కనిపిస్తారు. తల తిరుగుతున్నట్టు ఉంటే కూడా ముందు ఈ రెండు సెట్టింగ్సే మార్చి చూడాలి.
- డాష్ (ఒక్కసారిగా దూసుకెళ్ళడం), చైన్‌సా (రంపం), ఫ్లేమ్ బెల్చ్ (మంట), గ్రెనేడ్ నాలుగూ మీరు నడవడానికి వాడే వేళ్ళు ఆపకుండా నొక్కగలిగే చోట ఉండాలి. మౌస్‌కి సైడ్ బటన్స్ ఉంటే ఒకటి డాష్‌కి, ఒకటి గ్రెనేడ్‌కి ఇచ్చేయండి.
- ట్యుటోరియల్ పాప్అప్స్ ఆన్‌లోనే ఉంచండి. కొత్త శత్రువు వచ్చినప్పుడల్లా గేమ్ ఆగి వాడి బలహీనత ఏంటో చూపిస్తుంది, చిరాకుపడి స్కిప్ కొట్టేశారంటే నష్టం మీకే. మళ్ళీ చూడాలంటే మెనూలో కోడెక్స్ అనే చోట ఉంటుంది.

2. డిఫికల్టీ ఏది పెట్టుకోవాలి

హర్ట్ మీ ప్లెంటీ (ఈజీ నుంచి రెండోది) తో మొదలుపెట్టండి. షూటింగ్ గేమ్స్ అసలే కొత్త అయితే ఐ యామ్ టూ యంగ్ టు డై పెట్టుకున్నా తప్పేం లేదు. మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఒక్క అల్ట్రా నైట్‌మేర్‌లో తప్ప, అందులో ఒక్కసారి చస్తే మొదటి నుంచి ఆడాలి కాబట్టి ఇప్పుడు దాని జోలికి పోవద్దు. అలాగని మరీ ఈజీలోనే ఉండిపోతే గేమ్ నేర్పించాలనుకున్నది నేర్చుకునే అవసరమే రాదు, నాలుగో లెవెల్ దాకా సుఖంగా వచ్చి ఆ తర్వాత ఒక్కసారిగా ఇరుక్కుపోతారు. ఫైట్స్ నింపాదిగా గెలుస్తున్నారు అనిపించిన రోజు అల్ట్రా వయొలెన్స్‌కి మార్చేయండి.

3. మూడు మీటర్లు (బుల్లెట్లు, ఆర్మర్, హెల్త్), మూడు పనులు

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, తొందరపడకుండా చదవండి.

బుల్లెట్లు కావాలంటే చైన్‌సా. జాంబీ, ఇంప్ లాంటి చిన్నవాణ్ణి దాంతో కోస్తే మీ దగ్గరున్న గన్స్ అన్నిటికీ బుల్లెట్లు రాలతాయి. చైన్‌సాకి మూడు గడుల ఫ్యూయల్ ఉంటుంది, చిన్నవాడికి ఒక గడి చాలు. ఆ మొదటి గడి ఖాళీ అయినా కాసేపటికి దానంతటదే నిండుతుంది, మిగతా రెండూ నిండాలంటే ఫ్యూయల్ క్యాన్స్ దొరకాలి. కాబట్టి దాన్ని దాచుకోవడంలో అర్థమే లేదు, నిండిందా వాడేశామా అన్నట్టు ఉండాలి. పెద్ద రాక్షసుడి మీద మూడు గడులూ తగలెయ్యకండి, వాడికి గన్స్ ఉన్నాయి.

ఆర్మర్ కావాలంటే ఫ్లేమ్ బెల్చ్. భుజం మీద నుంచి మంట వస్తుంది, మంట అంటుకున్నవాణ్ణి కొట్టినా చంపినా ఆకుపచ్చ ఆర్మర్ ముక్కలు పడతాయి. ఒక్కడి మీద వాడితే వేస్ట్, నలుగురైదుగురు గుంపుగా ఉన్నప్పుడు వాడండి. ముందు మంట, తర్వాత కాల్పులు, ఈ ఆర్డర్ తప్పకూడదు. చాలామంది కొట్టేసి చివర్లో మంట పెడతారు, అప్పటికి చంపడానికి ఎవరూ మిగలరు, ఆర్మర్ రాదు.

హెల్త్ కావాలంటే గ్లోరీ కిల్. దెబ్బలు తిని తూలుతున్నవాడు మెరుస్తాడు, దగ్గరికెళ్ళి మెలీ (చేత్తో కొట్టే) బటన్ నొక్కితే చేత్తో చంపేస్తారు, నీలం రంగు హెల్త్ పడుతుంది. ఆ యానిమేషన్ నడిచినంతసేపు మీకు దెబ్బ తగలదు, అంటే చుట్టూ గుంపు కమ్ముకున్నప్పుడు ఊపిరి తీసుకోవడానికి కూడా అదే దారి. పైగా గ్లోరీ కిల్స్ చేస్తుంటే బ్లడ్ పంచ్ నిండుతుంది, అది ఒక్క గుద్దుకి ముందున్న గుంపునంతా పగలగొడుతుంది.

ఇప్పుడు మూడూ కలిపే పద్ధతి. ఐదుగురు జాంబీలు ఒకచోట ఉన్నారు. ఫ్లేమ్ బెల్చ్ కొట్టండి, మధ్యలో ఒక గ్రెనేడ్ వెయ్యండి, మిగిలిన ఒకణ్ణి మంట ఆరకముందే చైన్‌సాతో కొయ్యండి. నాలుగు సెకన్లలో ఆర్మర్, బుల్లెట్లు రెండూ నిండుతాయి. ఎవడైనా తూలుతూ మిగిలితే వాడి దగ్గర హెల్త్. దీన్ని మొదటి లెవెల్స్‌లో పదేపదే చేసి చేసి, ఆలోచించకుండానే వేళ్ళు కదిలేదాకా తీసుకురండి.

ఇంకో మాట. పెద్ద ఫైట్స్‌లో చిన్నవాళ్ళు ఎంతమందిని చంపినా మళ్ళీ మళ్ళీ పుట్టుకొస్తూనే ఉంటారు, పెద్దవాళ్ళు అయిపోయేదాకా ఆగరు. అంటే వాళ్ళు శత్రువులకంటే ముందు మీ సరుకు. అరీనాలోకి (ఫైట్ జరిగే చోటికి) రాగానే జాంబీలందర్నీ ఊడ్చెయ్యకండి, అవసరమైనప్పుడు కొయ్యడానికి ఒకరిద్దరు తిరుగుతూ ఉండనివ్వండి.

4. నిలబడొద్దు

కబడ్డీలో కూతకెళ్ళినవాడు గీత దగ్గర ఒక్క క్షణం నిలబడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. శత్రువులు మీరున్న చోటికి గురిపెట్టి కొడతారు, మీరు పక్కకి కదులుతుంటే చాలా దెబ్బలు గాల్లోనే పోతాయి. వెనక్కి నడుస్తూ కాల్చడం మాత్రం మానుకోవాలి, వెనకాల ఏముందో కనపడదు, ఎక్కడో మూలకి ఇరుక్కుంటారు.

- డాష్ రెండుసార్లు వరసగా వస్తుంది, ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. రెండూ ఒకేసారి వాడేసి గాల్లో ఉండిపోతే దిగేటప్పుడు తగుల్తుంది.
- డబుల్ జంప్, మధ్యలో డాష్, ఇలా కలిపి కదలండి. పైకీ కిందకీ మారుతుంటే గురి కుదరదు.
- ఫైట్ మొదలవ్వగానే అరీనా చుట్టూ ఒక రౌండ్ వెయ్యండి. ఎక్కడ పోర్టల్ ఉంది, ఎక్కడ వేలాడే కడ్డీ ఉంది, ఫ్యూయల్ క్యాన్ ఎక్కడ పడుంది అని చూసుకోండి. కాల్చుకుంటూనే చూడొచ్చు.
- ఊదారంగు జిగురులో అడుగుపెడితే జంప్, డాష్ పనిచెయ్యవు. ఫైట్ మధ్యలో అటువైపు పోవద్దు.
- లోయలో పడితే చావరు, కొంచెం హెల్త్ పోయి మళ్ళీ పైకొస్తారు. దానికి భయపడి జంప్స్ మానేసుకోవద్దు.

సూపర్ షాట్‌గన్ వచ్చాక, అది కల్టిస్ట్ బేస్ లెవెల్లో దొరుకుతుంది, దాని మీట్ హుక్‌ని (శత్రువుకి తగిలించి మిమ్మల్ని అటు లాగే కొక్కెం) కొట్టడానికే కాకుండా తప్పించుకోవడానికి కూడా వాడండి. గుంపులో చిక్కుకుంటే దూరంగా ఎగురుతున్న కాకోడీమన్ అనే రాక్షసుడికి కొక్కెం వేసి అటు లాక్కుపోవచ్చు, వెళ్ళేదారిలో వాణ్ణి కాల్చొచ్చు కూడా.

5. ఒకే గన్‌ని పట్టుకుని వేలాడొద్దు

మొదట్లో అందరూ చేసేది ఇదే, షాట్‌గన్ నచ్చింది, దాంతోనే ఆడతారు, అది ఖాళీ అయ్యాక కంగారుపడతారు. ఏడు మామూలు గన్స్‌కి నాలుగు రకాల బుల్లెట్లే ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. కాంబాట్ షాట్‌గన్, సూపర్ షాట్‌గన్ ఒకే షెల్స్ తింటాయి. హెవీ కానన్, చైన్‌గన్ ఒకే బుల్లెట్లు. ప్లాస్మా రైఫిల్, బాలిస్టా ఒకే సెల్స్. రాకెట్ లాంచర్ ఒక్కటే విడిగా. షాట్‌గన్ అయిపోయిందని సూపర్ షాట్‌గన్ తీస్తే అందులో కూడా ఏమీ ఉండదు, మారితే వేరే రకానికి మారాలి.

రెండో లాభం స్పీడ్. బాలిస్టా, సూపర్ షాట్‌గన్ లాంటివి ఒక దెబ్బ తర్వాత చాలాసేపు తీసుకుంటాయి. ఆ టైమ్‌లో ఎదురుచూడకుండా గన్ మార్చేస్తే వెంటనే రెండో దెబ్బ కొట్టొచ్చు. బాలిస్టా ఒకటి, వెంటనే సూపర్ షాట్‌గన్ ఒకటి, మళ్ళీ బాలిస్టా. పెద్ద రాక్షసులు ఈ వరసకి నిలబడలేరు.

వెపన్ వీల్ తెరిస్తే టైమ్ స్లో అవుతుంది కాబట్టి మొదట్లో అదే వాడండి, తప్పు లేదు. మెల్లగా ఒక్కో గన్‌కి ఒక్కో కీ ఇచ్చుకోండి. అన్నీ ఒక్కరోజులో మార్చకండి, ముందు సూపర్ షాట్‌గన్, బాలిస్టా రెండిటికి దగ్గర కీస్ ఇవ్వండి, అవి అలవాటయ్యాక మూడోది.

6. ఎవణ్ణి దేంతో కొట్టాలి

పెద్దవాళ్ళలో చాలామందికి ఒక బలహీనత ఉంటుంది, అది తెలియకపోతే పాతిక షెల్స్ పోతాయి, తెలిస్తే ఒకటి రెండుతో పనైపోతుంది.

- కాకోడీమన్: గాల్లో ఎగిరే ఎర్రటి గుండ్రటి వాడు. నోరు తెరిచినప్పుడు స్టికీ బాంబ్ (కాంబాట్ షాట్‌గన్ వేసే అంటుకునే బాంబు) గానీ గ్రెనేడ్ గానీ లోపల వేస్తే మింగేసి తూలిపోతాడు, వెంటనే గ్లోరీ కిల్.
- అరాక్నోట్రాన్: సాలీడు లాంటివాడు, పైన గన్ ఉంటుంది. హెవీ కానన్‌కి ఉండే ప్రెసిషన్ బోల్ట్‌తో (గురిచూసి కొట్టే షాట్) ఆ గన్‌ని ముందు పగలగొట్టండి. దూరం నుంచి పీకుడు ఆగిపోతుంది.
- రెవెనెంట్: రెండు భుజాల మీద రాకెట్ తుపాకులు. అవే టార్గెట్.
- మాన్‌క్యుబస్: రెండు చేతులూ ఫిరంగులే. వాటిని పేల్చాక సగం భయం పోతుంది. మొత్తం కవచం ఉన్న సైబర్ మాన్‌క్యుబస్ వస్తే బ్లడ్ పంచ్ ఒకటి ఇవ్వండి, కవచం ఊడిపోతుంది.
- పింకీ: ముందంతా గట్టి కవచం, తోక మెత్తన. మీదకి దూకినప్పుడు పక్కకి డాష్ కొట్టి వెనక నుంచి సూపర్ షాట్‌గన్.
- షీల్డ్ పట్టుకున్న సోల్జర్స్: ప్లాస్మా రైఫిల్‌తో షీల్డ్‌ని కొడుతూ ఉంటే అది పేలి పక్కనున్నవాళ్ళని కూడా తీసుకుపోతుంది. వీళ్ళు గుంపులో ఉంటే మీకు బాంబులు ఇచ్చినట్టే.
- విప్లాష్: పాములా మెలికలు తిరుగుతుంది, గురి కుదరదు. ఐస్ బాంబ్‌తో గడ్డకట్టించి కొట్టండి.
- ఆర్చ్‌వైల్: వీడు కనిపిస్తే మిగతా అందర్నీ వదిలెయ్యండి. బతికున్నంతసేపు కొత్తవాళ్ళని పిలుస్తూ వాళ్ళకి బలం ఇస్తూ ఉంటాడు. గేమ్‌లో అన్నిటికంటే పెద్ద గన్ అయిన బీఎఫ్‌జీ దాచుకున్నది ఇలాంటి వాడికోసమే.

అందుకే కాంబాట్ షాట్‌గన్‌కి మొదటి మాడ్ (గన్‌కి తగిలించే అదనపు పని) స్టికీ బాంబ్స్, హెవీ కానన్‌కి ప్రెసిషన్ బోల్ట్ తీసుకోమని గట్టిగా చెప్తా. ఫుల్ ఆటో, మైక్రో మిస్సైల్స్ కూడా మంచివే, తర్వాత ఎలాగూ వస్తాయి, కానీ మొదటి సగం గేమ్‌లో ఈ రెండే మీ ప్రాణం కాపాడతాయి.

7. ఒక ఫైట్‌ని ఏ వరసలో ఆడాలి

తలుపు మూసుకుంది, మ్యూజిక్ పెరిగింది, ముందు నలుగురు ఇంప్స్, పైన ఒక కాకోడీమన్, దూరంగా అరాక్నోట్రాన్.

ముందు అరాక్నోట్రాన్ పైన గన్. కదులుతూనే ప్రెసిషన్ బోల్ట్ తీసి రెండు దెబ్బలు. దూరం నుంచి కొట్టేవాణ్ణి ఎప్పుడూ ముందు ఆపాలి, ఎందుకంటే మీరు దగ్గరున్నవాడితో ఉన్నప్పుడు వీడే హెల్త్ తినేస్తాడు. తర్వాత పైకి జంప్, కాకోడీమన్ నోట్లో స్టికీ బాంబ్, తూలగానే గ్లోరీ కిల్. ఇప్పుడు కిందకి దిగేటప్పుడు ఇంప్స్ మధ్యలోకి దిగండి, ఫ్లేమ్ బెల్చ్, గ్రెనేడ్, మిగిలినవాణ్ణి చైన్‌సా. మూడు మీటర్లూ నిండాయి. ఇప్పుడు అరాక్నోట్రాన్ దగ్గరికి వెళ్ళి బాలిస్టా, సూపర్ షాట్‌గన్ మార్చి మార్చి కొట్టండి.

ఇంతలో గ్రెనేడ్, ఐస్ బాంబ్, మంట మళ్ళీ రెడీ అయి ఉంటాయి. ఒక్కోదానికి విడివిడిగా టైమర్ నడుస్తుంది, ఒకటి వాడితే ఇంకోటి ఆగదు. స్క్రీన్ కింద చూసే అలవాటు లేనివాళ్ళకి ఇవి రెడీగా ఉన్నాయన్న సంగతే తెలీదు, ఫైట్ మొత్తం అలాగే ఉండిపోతాయి.

8. మరాడర్

గేమ్ వదిలేసినవాళ్ళలో చాలామంది ఇక్కడే వదిలేశారు, అందుకే వీడికి విడిగా రాస్తున్నా. చేతిలో గొడ్డలి, షీల్డ్. షీల్డ్‌ని ఎంత కాల్చినా ఏం కాదు, పైగా తోడేలు దయ్యాన్ని వదుల్తాడు. బీఎఫ్‌జీ కూడా ఆపేస్తాడు.

దూరమే అసలు కిటుకు. మరీ దగ్గరికెళ్తే షాట్‌గన్‌తో కొడతాడు, మరీ దూరం పోతే గొడ్డలితో మెరుపు విసుర్తాడు. మధ్యస్థంగా ఉంటే మాత్రం మీదకి దూకి గొడ్డలి ఎత్తుతాడు, అప్పుడు కళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి, ఒక శబ్దం కూడా వస్తుంది. ఆ ఆకుపచ్చ మెరుపు పడ్డాకే కొట్టాలి, అంతకుముందు కొడితే షీల్డ్ అడ్డం వస్తుంది. సూపర్ షాట్‌గన్ ఒకటి, వాడు తూలుతుండగానే గన్ మార్చి బాలిస్టా ఒకటి, మళ్ళీ సూపర్ షాట్‌గన్. తర్వాత మళ్ళీ దూరం సరిచేసుకుని ఎదురుచూడండి.

- ముందు మిగతా పెద్దవాళ్ళని చంపేసి వీణ్ణి చివరికి ఉంచుకోండి.
- చూపు వాడి మీద నుంచి తియ్యొద్దు, అడ్డంగా చుట్టూ తిరుగుతూ ఉండండి.
- ట్రిగ్గర్ మీద వేలు పెట్టి తొందరపడకండి. మొత్తం గేమ్‌లో ఆగి చూడమని చెప్పేది వీడొక్కడి దగ్గరే.
- తోడేలు వస్తే ముందు దాన్ని ఒక షాట్‌తో తీసెయ్యండి.

9. అప్‌గ్రేడ్స్‌లో ముందు ఏవి

సెంటినెల్ క్రిస్టల్స్ (లెవెల్స్‌లో దొరికే అప్‌గ్రేడ్ వస్తువులు) దొరికినప్పుడు హెల్త్, ఆర్మర్, బుల్లెట్ల కెపాసిటీలో ఒకటి పెంచుకోవచ్చు. నా సలహా మొదటి రెండు మూడు బుల్లెట్లకే. హెల్త్ ఎలాగూ గ్లోరీ కిల్‌తో వస్తుంది, కొత్తలో ఇబ్బంది పెట్టేది ఖాళీ గన్నే. పక్కపక్క గడులు రెండూ నిండితే ఇంకో లాభం తెరుచుకుంటుంది, కింద పడ్డ వస్తువుల్ని దూరం నుంచే లాగే లూట్ మాగ్నెట్ అలాంటిదే, అది త్వరగా తీసుకోండి.

మీ సూట్‌ని పెంచుకునే సూట్ పాయింట్స్‌లో డాష్ త్వరగా నిండేది, రెండో గ్రెనేడ్ ఇచ్చేది ముందు. మ్యాప్‌లో దాచినవి చూపించేవి తర్వాత చూసుకోవచ్చు.

రూన్స్, అంటే అదనపు శక్తులు, ఒకేసారి మూడు పెట్టుకోవచ్చు. కొత్తవాళ్ళకి సావేజరీ, అది గ్లోరీ కిల్ యానిమేషన్‌ని స్పీడ్ చేస్తుంది. సీక్ అండ్ డిస్ట్రాయ్ తో ఇంకొంచెం దూరం నుంచే గ్లోరీ కిల్‌కి దూకొచ్చు. మూడోది సేవింగ్ త్రో, చచ్చే దెబ్బ తగిలినప్పుడు ఒక చాన్స్ ఇస్తుంది. చెయ్యి తిరిగాక దాని బదులు ఎయిర్ కంట్రోల్ పెట్టుకోండి.

లెవెల్ చివర్లో ఫాస్ట్ ట్రావెల్ (తిరిగిన చోట్లకి నేరుగా వెళ్ళే సదుపాయం) తెరుచుకుంటుంది, వదిలేసినవి అప్పుడు వెనక్కెళ్ళి ఏరుకోవచ్చు. ఫైట్ ఊపులో ఉన్నప్పుడు ప్రతి మూలా వెతుక్కుంటూ కూర్చోవద్దు. స్లేయర్ గేట్స్ (విడిగా ఉండే కష్టమైన ఫైట్స్‌కి తలుపులు) మాత్రం కనిపించగానే దూకకుండా, ఆ లెవెల్ ఫైట్స్ సాఫీగా అవుతున్నప్పుడే వెళ్ళండి, అవి మామూలు ఫైట్స్ కంటే బాగా గట్టివి.

10. ఇరుక్కుపోతే ఏం చూడాలి

ఒకే ఫైట్‌లో పదే పదే చస్తుంటే ఎలా చచ్చారో చూడండి, మందు అందులోనే దొరుకుతుంది.

- బుల్లెట్లు లేక చచ్చారా? చైన్‌సా నిండి ఉండి కూడా వాడలేదేమో చూడండి, నూటికి తొంభై మందికి ఇదే. బుల్లెట్ల నంబర్ ఎర్రబడేదాకా ఆగకుండా సగం అవ్వగానే కొయ్యడం అలవాటు చేసుకోండి.
- వెనక నుంచి దెబ్బ తగిలి చచ్చారా? ఒకే చోట ఎక్కువసేపు ఉండిపోతున్నారు. ఒకణ్ణి చంపాక ఎటైనా సరే డాష్ కొట్టి చోటు మార్చండి.
- ఒక్కడి మీద పంతం పట్టి చచ్చారా? వాణ్ణి వదిలి జాంబీల దగ్గరికి వెళ్ళి నింపుకుని రండి, వాడెక్కడికీ పోడు.
- హెల్త్ తక్కువున్నప్పుడు గ్లోరీ కిల్‌కి పరిగెత్తి దార్లో చచ్చారా? ఆర్మర్ లేకుండా తిరుగుతున్నారన్నమాట. మంట రెడీ అయిన ప్రతిసారీ వాడండి.
- వేళ్ళు తడబడుతున్నాయా? మీ స్థావరమైన ఫోర్ట్రెస్ ఆఫ్ డూమ్‌లో రిపటోరియం అనే ప్రాక్టీస్ అరీనా ఉంది. అక్కడికెళ్ళి మంట, గ్రెనేడ్, చైన్‌సా వరస ఒక్కటే ఆడండి, గన్స్ గురించి పట్టించుకోవద్దు. తర్వాత రోజు గన్స్ మార్చడం ఒక్కటే.
- బాస్ దగ్గర వరసగా చస్తుంటే గేమే సెంటినెల్ ఆర్మర్ ఇస్తానని అడుగుతుంది, దెబ్బలు తక్కువ తగుల్తాయి. మొహమాటపడకుండా తీసుకోండి, పద్ధతి అర్థమయ్యాక అదే బాస్‌ని మిషన్ సెలెక్ట్‌లో మళ్ళీ కొట్టొచ్చు.
- గంటన్నర దాటి ఆడుతూ ముందు గెలిచిన ఫైట్స్‌లోనే చస్తున్నారంటే చెయ్యి అలసిపోయింది. ఆపేసి మర్నాడు అదే చెక్‌పాయింట్ నుంచి మొదలుపెట్టండి.